పళ్ళ గడిలో నేను పెట్టిన టిక్కు

ఇది రాయడానికి కూర్చునే ముందు బాత్రూం అద్దం దగ్గర నోరు తెరిచి చూసుకున్నాను. కింది వరసలో కుడివైపు చివర ఒక పన్ను లేదు. అక్కడ చిగురు నున్నగా మూసుకుపోయింది. నాలుకతో తడిమితే నొప్పి లేదు. ఒక ఖాళీని చూసుకుని ఇంత సంతోషపడే మనిషి తెల్లాపూర్ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నా పేరు విజయ. వయసు నలభై నాలుగు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో రిలీజ్ మేనేజరుని. అంటే, తయారైన సాఫ్ట్‌వేరు జనం చేతికి వెళ్ళే ముందు అన్నీ సరిగ్గా ఉన్నాయా అని ఒక పట్టిక పెట్టుకుని, ఒక్కొక్క గడిలో టిక్కు పెట్టించడం నా ఉద్యోగం. పదిహేనేళ్ళుగా అదే పని. అందులో నన్ను మించినవాళ్ళు లేరని మొన్నటిదాకా నాకు మహా పొగరు. అది ఎలా దిగిందో చెబుతాను. నాలాంటి అతి తెలివి మనుషులు ఇంకా చాలామంది ఉన్నారని నా అనుమానం. వాళ్ళ కోసమే ఇది.

మొదటి వారం

వానాకాలం మొదట్లో ఊరికే నీరసంగా ఉంటోందని రక్తపరీక్ష చేయిస్తే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. ఆ మాట విన్న క్షణం గురించి రాయను. విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, విననివాళ్ళకి చెప్పినా తెలీదు. మా ఆయన మురళి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి నా చేతికంటే చల్లగా ఉంది.

క్యాన్సర్ డాక్టరు పెద్దాయన, నిదానంగా మాట్లాడతారు. "కీమో మొదలుపెడితే ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తి పూర్తిగా పడిపోతుందమ్మా. అప్పుడు నోట్లో చిన్న పుచ్చు ఉన్నా ప్రాణం మీదికి రావచ్చు. ముందు పళ్ళు చూపించుకోండి. తీయాల్సింది ఉంటే తీయించుకోండి. మానడానికి ఓ వారం పట్టినా ఫరవాలేదు, మీ విషయంలో ఆ వారం ఆగొచ్చు," అన్నారు.

మా అపార్ట్‌మెంట్ల గేటు పక్కనే ఒక పళ్ళ క్లినిక్కు ఉంది. ఆ సాయంత్రమే వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి, కింద కుడివైపు చివరి పన్ను వేరు దగ్గర నల్లటి మచ్చ చూపించింది.

"ఇక్కడ చీముంది మేడమ్. ఎప్పటినుంచో ఉన్నట్టుంది. మీకు నొప్పి రాలేదా?"

"రెండేళ్ళ క్రితం వచ్చిందండి. లవంగం పెట్టుకున్నాను, తగ్గిపోయింది."

"తగ్గలేదు మేడమ్, ఊరుకుంది, అంతే. మంగళవారం ఖాళీ ఉంది, వచ్చేయండి. తీసేద్దాం."

ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "మంగళవారం పూట పన్ను పీకించుకోవడమేంటి అమ్మాయ్! ఆ రోజు గోళ్ళే తీసుకోం కదా. అసలే ఒంట్లో బాలేదు. బుధవారం వెళ్ళు."

నేను ఇలాంటివి పట్టించుకునే రకాన్ని కాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆవిడ చూడకుండా ఎన్ని మంగళవారాలు గోళ్ళు తీసుకున్నానో. కానీ ఆ రోజు మాత్రం, "మీరు వద్దంటే మానేస్తాలెండి అత్తయ్యా," అన్నాను. ఆవిడ మురిసిపోయారు.

అసలు సంగతి వేరు. వచ్చే సోమవారమే ఆసుపత్రిలో చేరితే నెలాఖరుకి ఇంట్లో ఉంటానని, ఆఫీసులో మూడు నెలలుగా తయారవుతున్న పెద్ద రిలీజుని మంచం మీంచే నడిపించొచ్చని నేనొక లెక్క వేసుకున్నాను. పన్ను తీయించుకుంటే చికిత్స వారం వెనక్కి పోతుంది, ఆ లెక్క తప్పుతుంది. నవ్వండి, నవ్వొచ్చు. రేపు ఉంటానో లేదో తెలియని మనిషి రిలీజు గురించి ఆలోచించడమేమిటని నన్ను నేనే చాలాసార్లు తిట్టుకున్నాను. కానీ ఆ రోజుల్లో నా చేతిలో ఉన్నట్టు అనిపించింది అదొక్కటే. దాన్ని వదులుకోవడానికి భయమేసింది.

బుధవారం వచ్చింది, పోయింది. మురళి అడిగితే, "డాక్టరమ్మ మళ్ళీ చూసిందండీ, పర్లేదంది, తర్వాత తీయొచ్చట," అని చెప్పాను. ఆసుపత్రిలో చేరే రోజు ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక వరస: పళ్ళ పరీక్ష పూర్తయిందా? పరీక్ష అయితే పూర్తయింది కదా. టిక్కు పెట్టాను. మా ఆఫీసులో దీనికి ఒక పద్ధతి ఉంది. చిన్న లోపం ఉందని తెలిసినా, ఇప్పుడే కొంప మునిగేది కాదనుకుంటే, వచ్చే రిలీజులో సరిచేద్దామని దాటించేస్తాం. నా పన్నుని అలా దాటించేశాను. ఎక్స్‌రే నా ల్యాప్‌టాప్ సంచిలోనే ఉంది.

పదకొండో రోజు

చికిత్స మొదలైన మొదటి వారం బాగానే ఉన్నాను. మంచం మీంచి రెండు మీటింగులు కూడా చేశాను. జుట్టు గురించి దిగులుపడ్డాను గానీ నోటి గురించి తలుచుకోలేదు. తొమ్మిదో రోజు నాలుక కింద చురుక్కుమంది. పదకొండో రోజుకి బుగ్గల లోపల, పెదాల లోపల, నాలుక అంచుల నిండా పుళ్ళు. ఉమ్మి మింగితే కళ్ళనీళ్ళు కారాయి.

మా పుట్టిల్లు తణుకు దగ్గర. పాచి నోటితో మంచినీళ్ళు కూడా తాగనివ్వని ఇల్లు. పళ్ళు తోముకోకుండా కాఫీ తాగిన రోజు నా జన్మలో లేదు. అలాంటిది మూడు రోజులు బ్రష్షు నోట్లో పెట్టలేదు. పెడితే నెత్తురు. నర్సు ఉప్పునీళ్ళు ఇచ్చి పుక్కిలించమంది. ఒక్కసారి పోసుకుని కేకపెట్టాను, మళ్ళీ ఆ గ్లాసు ముట్టుకోలేదు. నా నోటి కంపు నాకే తెలుస్తోంది. మురళి దగ్గరికి వంగితే మొహం తిప్పేసుకున్నాను.

"ఏంటి విజ్జీ, నా మీద కోపమా?"

తల అడ్డంగా ఊపాను. కోపం కాదు, సిగ్గు. అది నోటితో చెప్పడానికి నోరే లేదు.

ఆ సాయంత్రం చలి మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బీపీ పడిపోయిందని ఎవరో గట్టిగా అన్నారు. మంచాన్ని అలాగే తోసుకుంటూ ఐసీయూకి తీసుకెళ్ళారు. తలుపు మూసుకుంటుంటే అత్తయ్య చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తూ కనిపించారు.

ఐసీయూలో

మొదటి రెండు రోజులు సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నది దాహం. ఆక్సిజన్ మాస్కు గాలికి నోరు ఎండిపోయి నాలుక అంగిలికి అతుక్కుపోయేది. చావు భయం కూడా దాని తర్వాతే. ఎవరైనా వచ్చి ఈ నోరు ఒక్కసారి కడిగితే చాలు, ఆ తర్వాత పోయినా ఫరవాలేదనిపించేది.

డాక్టర్లు మంచం చుట్టూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. జ్వరం ఎక్కడినుంచి వస్తోందో వాళ్ళకి అంతుపట్టడం లేదు. ఊపిరితిత్తులు చూశారు, అన్ని రకాల పరీక్షలూ చేశారు, మెడ దగ్గర పెట్టిన గొట్టం మార్చారు. మందుల మీద మందులు మార్చారు. జ్వరం దిగలేదు. "ఎక్కడ నొప్పి అమ్మా?" అని అడిగితే నోటివైపు వేలు చూపించాను. "అవును, కీమో పుళ్ళు. తగ్గిపోతాయి," అన్నారు. నోరంతా కారం పూసినట్టుంటే, అందులో ఒక పన్ను విడిగా నొప్పెడుతోందని నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? నిజం చెబుతున్నాను, ఆ పన్ను సంగతి అప్పటికి నాకు గుర్తే లేదు. టిక్కు పెట్టేసిన పనిని మళ్ళీ తలుచుకోవడం నా అలవాటులో లేదు.

మంచం కాళ్ళ దగ్గర బల్ల మీద ఒక పెద్ద కాగితం ఉండేది. జ్వరమెంత, బీపీ ఎంత, ఏ మందు ఎప్పుడు, అన్నీ అందులో గడులు గడులుగా రాసేవాళ్ళు. ఒక వరస నోటి శుభ్రతకి. ఆ వేళ అయినప్పుడల్లా సిస్టర్ ఒక పుల్ల పట్టుకుని వచ్చేది. పుల్ల చివర చిన్న స్పాంజి. దాన్ని చూడగానే నేను నోరు బిగించేదాన్ని. "తెరవండి మేడమ్," అని రెండుసార్లు అడిగేది. ఈలోగా పక్క మంచం దగ్గర మిషను కూసేది. సిస్టర్ అటు పరిగెత్తేది. పోతూ పోతూ ఆ గడిలో టిక్కు పెట్టేది.

మూడో రోజు ఆ టిక్కు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యని పనికి టిక్కేంటి, ఇదేం ఆసుపత్రి, ఒక్క ముక్క మాట్లాడగలిగితే దులిపేసేదాన్ని అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే గుర్తొచ్చింది. గేటు పక్క క్లినిక్కు. ఎక్స్‌రేలో నల్లటి మచ్చ. నా టిక్కు.

అయ్యో దేవుడా అనుకున్నాను. జ్వరం ఎక్కడినుంచి వస్తోందో ఆ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. చెబుదామంటే నాలుక కదలదు, నోరు తెరిస్తే పెదాలు చిట్లుతున్నాయి, మాస్కు లోంచి గాలి తప్ప మాట రావడం లేదు. సిస్టర్‌ని పిలిచి కుడి దవడ మీద వేలితో పొడిచి చూపించాను. "తెలుసు మేడమ్, పుళ్ళు. మందు రాస్తాను," అంది.

సాయంత్రం పావుగంట మురళిని లోపలికి పంపించారు. గడ్డం పెరిగిపోయింది. వేసుకున్న చొక్కా నేను ఐసీయూకి వచ్చిన రోజుదే.

"అమ్మ అన్నం ముట్టడం లేదు విజ్జీ. బయట ఆ ఇనప కుర్చీలోంచి లేవడం లేదు. తనే మంగళవారం వద్దని పన్ను తీయించనివ్వలేదట, అందుకే నీకిలా అయిందని ఒకటే ఏడుపు. అదేం కాదమ్మా, పళ్ళ డాక్టరు పర్లేదంది, విజ్జీయే నాతో చెప్పింది అని నచ్చజెబుతున్నాను. వినదే."

నా అబద్ధం ఆయన నోట్లోంచి తిరిగి నా చెవిన పడింది. అసలు కారణానికి అందరికంటే దగ్గరగా వచ్చింది ఆ ముసలావిడ. ఆవిణ్ణి కూడా నా మాటే నోరు మూయిస్తోంది. ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. ఆయన జేబులోని పెన్ను చూపించాను. అర్థమై వేళ్ళ మధ్య పెట్టారు, కింద ఒక కాగితం పట్టుకున్నారు. వేళ్ళు బిగుసుకోలేదు. పెన్ను జారి మంచం కింద పడింది. తీసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. "అలిసిపోకు, రేపు రాద్దువుగానిలే," అని మాస్కు సరిచేసి వెళ్ళిపోయారు.

రేపు ఉంటానని ఆయనకెవరు చెప్పారు? నేను పోతే పన్ను సంగతి నాతోనే పోతుంది. అత్తయ్య మాత్రం కోడల్ని తన మంగళవారం చంపేసిందనుకుంటూ మిగిలిన బతుకంతా బతుకుతుంది. అంత ఏడుపు నేనెప్పుడూ ఏడవలేదు. ఏడిస్తే కళ్ళనీళ్ళు ఉప్పగా పెదాల పుళ్ళలోకి దిగి ఇంకా మండింది.

మర్నాడు పొద్దున ఒక ఆయమ్మ బేసిన్ పట్టుకుని వచ్చింది. పేరు యాదమ్మ, ఊరు పక్కనే ఖాజాగూడ. యాభై దాటి ఉంటాయి. దుప్పట్లు మార్చడం, ఒళ్ళు తుడవడం ఆమె పని. మాస్కు తీసి నా మొహం తుడవబోయి ఆగింది.

"ఏంది బిడ్డా, నోరు గిట్ల ఎండిపోయింది? ఎవ్వరూ సాఫ్ చేస్తలేరా?"

స్పాంజి పుల్లని ఉప్పునీళ్ళలో ముంచి బాగా పిండింది. దాన్ని నోట్లో కుక్కలేదు. పెదాలకి తడి అద్ది ఆగింది. "నాకేం తొందర లేదు. నొస్తే చెయ్యి లేపు, ఆపుత," అంది. ఒక మూల తుడిచి ఆగింది. నేను చెయ్యి లేపాను. ఆపింది. నిజంగానే ఆపింది. ఆ ఆసుపత్రిలో నా మాట చెల్లడం అదే మొదటిసారి.

"మా అత్త ఏడాది మంచంల ఉండె. అప్పుడు నేర్చుకున్న. నోరు సాఫ్ లేకుంటే మనిషికి బతకబుద్ధి గాదు బిడ్డా."

అప్పుడు నేను తెరిచాను. పెదవి చిట్లి నెత్తురొచ్చినా ఎంత తెరవగలనో అంతా తెరిచి, వేలు లోపలికి పెట్టి ఆ పన్ను మీద ఆనించాను. యాదమ్మ వంగి చూసింది. టార్చి తెచ్చి మళ్ళీ చూసింది.

"సిస్టర్, జర ఇటు రా. గీ చివరి పన్ను కాడ ఉబ్బింది. చీము కారుతున్నది."

"నోరంతా అలాగే ఉంది యాదమ్మా," అంది సిస్టర్ దూరంనుంచే.

"గట్ల గాదు. అవి పుండ్లు, గిది వేరే. డాక్టర్ సాబ్‌కు చెప్పు. నువ్వు చెప్పకుంటే నేనే పోయి చెప్త."

సిస్టర్ వచ్చి చూసింది. మొహం మారిపోయింది, వెంటనే ఫోన్ అందుకుంది.

మంగళవారం

పళ్ళ డాక్టరు ఒక చిన్న పెట్టె పట్టుకుని ఐసీయూలోకి వచ్చాడు. కుర్రాడే. చిగురు నొక్కి చూసి, ఫైలు తిరగేశాడు. "చికిత్సకి ముందు చూపించుకున్నట్టు టిక్కు ఉందే?" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించొచ్చు. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ ఆయన కళ్ళలోకే చూస్తూ తల అడ్డంగా ఊపాను. ఆయన ఫైలు మూసేశాడు. "సరే, ముందు దీని పని చూద్దాం," అన్నాడు.

రెండు వైపులా గొయ్యే. తీస్తే నెత్తురు ఆగకపోవచ్చు, తీయకపోతే జ్వరం ఆగదు. బయట మురళిని కూర్చోబెట్టి ఇదే చెప్పి సంతకం అడిగారట. ఆ రోజు మంగళవారం. తర్వాత మురళి చెప్పిందాన్ని బట్టి, ఇంజనీరింగ్ చదివిన మా ఆయనే కాగితం పట్టుకుని, "అమ్మా, ఇవాళ మంగళవారం కదా, రేపటిదాకా ఆగమందామా?" అన్నారట.

"నోర్ముయ్యరా. ఒకసారి ఆపి చూశాం కదా, చాల్లేదా? సంతకం పెట్టు," అన్నారట అత్తయ్య.

ముందు నెత్తురు గడ్డకట్టడానికి ప్లేట్‌లెట్లు ఎక్కించారు. చిగురుకి మత్తు సూది ఇచ్చారు. పన్ను వేరు వదిలినప్పుడు తలలో పటుక్కుమన్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత వెచ్చగా నెత్తురు. గాజుగుడ్డ కుక్కి కొరికిపట్టమన్నారు. అది తడిసింది, మార్చారు. మళ్ళీ తడిసింది, మళ్ళీ మార్చారు. ఇంకో సంచి ఎక్కించారు. యాదమ్మ నా గడ్డం కింద గిన్నె పట్టుకుని, "ఫికర్ చెయ్యకు, తగ్గుతున్నది, తగ్గుతున్నది," అంటూనే ఉంది. తగ్గడం లేదని ఆమె మొహంలోనే కనిపిస్తోంది. సాయంత్రానికి గానీ ఆగలేదు.

రెండు రోజులకి జ్వరం దిగింది.

తర్వాత

నెత్తుటిలో కణాలు పెరిగేకొద్దీ నోట్లో పుళ్ళు మానాయి. యాదమ్మ తన పని కాకపోయినా పూటకోసారి వచ్చి నోరు తుడిచి వెళ్ళేది. ఆ కాగితంలో టిక్కు పెట్టే హక్కు ఆమెకి లేదు. మీ ఇంటి మనిషి ఎవరైనా అలాంటి మంచం మీద ఉంటే, రోజుకి నాలుగుసార్లు నోరు ఎవరు శుభ్రం చేస్తున్నారని అడగండి. కాగితం చూడకండి, నోరు చూడండి.

వార్డులోకి మార్చిన రోజు అత్తయ్య చల్లార్చిన రాగిజావ తెచ్చారు. చెంచా నోటి దగ్గర పెడుతూ, "నా పాపిష్టి నోటితో మంగళవారం అన్నాను," అని మళ్ళీ మొదలుపెట్టారు. మురళి కిటికీ దగ్గర ఉన్నారు. మాట ఇంకా ముద్దగానే వస్తోంది. అయినా చెప్పాను.

"మంగళవారం వల్ల కాదు అత్తయ్యా. డాక్టరమ్మ పన్ను తీసి తీరాలంది. ఆఫీసు పని కోసం నేనే వెళ్ళలేదు. మీ మాట అడ్డం పెట్టుకున్నాను. ఆయనతో అబద్ధం చెప్పాను."

మురళి ఇటు తిరిగారు. "నాతో కూడానా?" అన్నారు. అంతే. బయటికి వెళ్ళిపోయారు.

అత్తయ్య చెంచా గిన్నెలో పెట్టేశారు. "అన్ని రోజులూ ఆ కుర్చీలో కూర్చుని నిన్ను నేనే చంపుకున్నాననుకున్నానే," అన్నారు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళారు. రెండు రోజులు రాలేదు. జావ మాత్రం వేళకి వచ్చింది. మురళి తెచ్చి మాట్లాడకుండా తాగించి వెళ్ళేవారు. నా రోగంలో అన్నిటికంటే కష్టమైన రెండు రోజులు ఏవంటే ఐసీయూవి చెప్పను, ఇవే చెబుతాను. రిలీజు నేను లేకుండానే వెళ్ళిపోయిందని మధ్యలో ఆఫీసునుంచి మెసేజ్ వచ్చింది. చదివి ఫోన్ బోర్లా పెట్టాను.

నెల తర్వాత రెండో విడత చికిత్సకి అత్తయ్యతో కలిసి వెళ్ళాం. ఈసారి పళ్ళన్నీ నిజంగానే చూపించుకున్నాను. డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా ఉంది. చేరే చోట జనం కిటకిటలాడుతున్నారు. అదే ఫారం ఇచ్చారు. పళ్ళ వరస దగ్గరికి రాగానే అలవాటు చొప్పున పెన్ను గడి మీదికి వెళ్ళిపోయింది. అత్తయ్య నా చేతిలోంచి పెన్ను లాక్కున్నారు.

"ముందు నోరు తెరు."

"అత్తయ్యా, డాక్టరు చీటీ ఉంది కదండీ. అందరూ చూస్తున్నారు."

"నీ టిక్కుల సంగతి నాకు తెలుసులే. తెరు. ఆ అను."

తెరిచాను. ఆవిడ ఫోన్ లైటు వేసి, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కొక్క పన్నే చాలాసేపు చూశారు. ఆ తర్వాత టిక్కు ఆవిడే పెట్టారు.